అంగడి పద్దుల్లో ఎక్కని ఖర్చు: చిన్న వ్యాపారానికి అవకాశ వ్యయం కట్టడం ఎలా?

అనంతపురంలో తెల్లవారుజామున ఐదు దాటకముందే టిఫిన్ సెంటర్లలో స్టవ్‌లు వెలుగుతాయి. నీళ్లలో నానిన బొరుగులను రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేగిన తిరగమోతలో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే ఉగ్గాని ప్లేటు సిద్ధమవుతుంది. గల్లాపెట్టె పక్కన యజమాని ఒక పద్దుల పుస్తకం పెట్టుకుంటాడు. బొరుగుల మూట ధర, నూనె డబ్బా ధర, మాస్టరు జీతం, సిలిండరు ఖర్చు అన్నీ అందులో ఎక్కుతాయి. రోజు అమ్మకంలోంచి వాటన్నిటినీ తీసేస్తే మిగిలేదాన్ని ఆయన లాభమంటాడు. ఆ కూడికలోనూ తీసివేతలోనూ తప్పేమీ లేదు. కాని అందులో ఉన్నది చేతి నుంచి పోయిన డబ్బు మాత్రమే; ఈ అంగడి పెట్టకపోయి ఉంటే చేతికి వచ్చి ఉండే డబ్బు ఏ పేజీలోనూ ఉండదు.

ఆ రెండో డబ్బునే ఆర్థికశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. బెంగళూరు నుంచి జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు వస్తే అనంతపురం. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఇక్కడికి తిరిగొచ్చి ఏదైనా సొంతంగా పెట్టుకుందామని ఆలోచించే యువకులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. వారిలో చాలామంది అంగడికి వచ్చే లాభాన్ని జీతంతో పోల్చి, లాభం నాలుగు రూపాయలు ఎక్కువగా కనిపిస్తే చాలని నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ పోలిక సగం లెక్క మాత్రమే. మిగతా సగం ఎలా కట్టాలో, అందులో ఎక్కడెక్కడ పొరపాటు దొర్లుతుందో చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వదులుకున్న వాటన్నిటి మొత్తం కాదు, వాటిలో మేలైనది ఒక్కటే

మన దగ్గరున్న డబ్బునో, కాలాన్నో, స్థలాన్నో ఒక పనికి పెట్టినప్పుడు, దానితోనే చేయగలిగి ఉండీ చేయకుండా వదిలేసిన పనుల్లో అన్నిటికన్నా మేలైనది ఎంత ఇచ్చి ఉండేదో, అదే అవకాశ వ్యయం. కంటికి కనిపించే ఫలితంతో పాటు కనిపించనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఫ్రాన్సుకు చెందిన ఫ్రెడరిక్ బాస్తియా 1850లోనే వాదించాడు; ఆ తర్వాత ఆస్ట్రియా ఆర్థికవేత్త ఫ్రీడ్రిష్ ఫాన్ వీజర్ దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు. అయితే మన రైతుకు ఈ ఆలోచన కొత్తది కాదు. మూడెకరాల పొలాన్ని గుత్తకిస్తే ఎంతొస్తుందో తెలిసిన రైతు, తానే వేరుశనగ వేసుకున్న ఏడాది చివర, విత్తనాలూ మందులూ కూలీలూ పోను మిగిలింది ఆ గుత్త కన్నా ఎక్కువా తక్కువా అని చూసుకుంటాడు. గుత్త డబ్బు ఆయన జేబులోంచి పోలేదు. అయినా అది ఆయన సాగుకు అయిన ఖర్చే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, వదులుకున్నవాటన్నిటినీ కూడేయడం. ఒక మనిషి బెంగళూరు ఉద్యోగానికి వెళ్లగలడు, లేదా ఉమ్మడి కడప జిల్లా నుంచి ఎందరో వెళ్లినట్టు కువైట్‌కు వెళ్లగలడు. రెండు చోట్లా ఒకేసారి పనిచేయలేడు. కాబట్టి అతని కాలానికి ఈ రెండింటిలో మేలైన ఒక్కదాని విలువే కట్టాలి. అలాగని అతని కాలం, అతని ఇంటి గది, అతని బ్యాంకు డబ్బు ఒకటే వనరు కాదు. మనిషి ఉద్యోగానికి వెళ్లినా గదికి బాడుగ వస్తుంది, డబ్బుకు వడ్డీ వస్తుంది. ఒక్కో వనరుకు ఒక్కో మేలైన ప్రత్యామ్నాయాన్ని చూసి, ఆ విలువలను మాత్రమే కూడాలి.

పుస్తకం చెప్పే 39,000

ఇక అంకెల్లోకి వెళదాం. ఇవి ఉదాహరణ కోసం అనుకున్నవి. చదివేవారు తమ అంకెలు వేసుకోవచ్చు.

బెంగళూరులో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరుగా పనిచేసే యువకుడు అనంతపురం తిరిగొచ్చి, తమ ఇంటి కింది గదిలో టిఫిన్ సెంటర్ పెట్టాలనుకున్నాడు. పెట్టుబడి 6 లక్షలు. అందులో 5 లక్షలు దోశ పెనం, గ్రైండరు, ఫ్రిజ్, బల్లలు, బోర్డు, గదిలో చేయించిన మార్పులకు పోతాయి. ఒక లక్ష సరుకుల కోసం చేతిలో తిరుగుతూ ఉంటుంది. ఈ 6 లక్షల్లో 4 లక్షలు తన ఫిక్స్‌డ్ డిపాజిట్, 2 లక్షలు 12 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు.

రోజుకు సగటున 6,000 రూపాయల అమ్మకం, నెలకు 28 రోజులు అనుకుంటే 1,68,000 వస్తుంది. సరుకులకు 78,000, మాస్టరుకూ సహాయకుడికీ కలిపి 30,000, గ్యాసుకు 9,000, కరెంటుకూ నీళ్లకూ 4,500, ఆకులూ పార్సిల్ కవర్లూ ఇతరాలకు 5,500, అప్పు మీద వడ్డీ 2,000. మొత్తం 1,29,000. మిగిలేది 39,000. ఉద్యోగంలో చేతికొచ్చే జీతం 32,000. నెలకు 7,000 ఎక్కువ, పైగా సొంతూరు, సొంత యాజమాన్యం. చాలా ఇళ్లలో నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

జీతం అంటే చేతికొచ్చేది ఒక్కటే కాదు, ఖర్చయ్యేదీ చూడాలి

ముందుగా జీతాన్నే సరిగ్గా కట్టాలి. అతని మూల వేతనం 15,000 అనుకుంటే, ప్రావిడెంట్ ఫండ్ కింద అతని జీతంలోంచి 12 శాతం, అంటే 1,800 కోసేసిన తర్వాతే చేతికి 32,000 వస్తోంది. ఆ 1,800 ఖర్చయిపోలేదు, అతని పేరు మీదే చేరుతోంది. యజమాని కూడా మరో 12 శాతం కడతాడు. అందులో మూల వేతనంలో 8.33 శాతానికి సమానమైన భాగం పింఛను పథకానికి, మిగతాది అతని ఖాతాకు వెళుతుంది. అది ఇంకో 1,800. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాను సొంతంగా కొనుక్కుంటే నెలకు 1,400 అవుతుందనుకుందాం. ఉద్యోగం వదిలితే పోయేది 32,000 కాదు, 37,000. ఐదేళ్ల సర్వీసు నిండాక ఉద్యోగం వదిలితే యజమాని ఒకేసారి ఇచ్చే మొత్తాన్ని గ్రాట్యుటీ అంటారు; ఆ ఐదేళ్లకు కొద్ది నెలల దూరంలో ఉంటే దాన్ని కూడా ఇందులో కలుపుకోవాలి. నాలుగున్నరేళ్లకు రాజీనామా చేసి, ఆ సంగతి తర్వాత తెలుసుకుని బాధపడేవాళ్లు ఉంటారు.

అయితే లెక్క ఒకవైపే వాలకూడదు. బెంగళూరులో గది బాడుగ, మెస్సు, బస్సు ఖర్చులు, నెలకోసారి ఊరికి రావడం అన్నీ కలిపి 14,000 అవుతాయి. ఇంట్లో ఉంటే అతని తిండికీ ఇతర అవసరాలకూ అదనంగా 5,000 చాలు. అంటే ఊరికి రావడం వల్లే నెలకు 9,000 మిగులుతుంది. 37,000లోంచి ఆ 9,000 తీసేస్తే, అతని కాలానికి నికరమైన అవకాశ వ్యయం 28,000.

ఈ తీసివేత చాలా ముఖ్యమైనదని నా అభిప్రాయం. బెంగళూరు జీతాన్ని మొత్తంగా తెచ్చి అనంతపురం అంగడి పక్కన పెట్టేవారు ఉద్యోగం విలువను ఎక్కువ చేసి చూస్తారు. చేతికొచ్చే జీతాన్ని మాత్రమే చూసేవారు తక్కువ చేసి చూస్తారు. కొన్నిసార్లు ఈ రెండు పొరపాట్లూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, కాని అదృష్టం మీద ఆధారపడి ఇల్లు నడపలేం.

పనిగంటల సంగతి కూడా ఇక్కడే. ఉద్యోగంలో రోజుకు 9 గంటల చొప్పున 26 రోజులకు 234 గంటలు. బెంగళూరు ట్రాఫిక్‌లో రోజుకు పోయే 2 గంటలు కలిపితే 286. టిఫిన్ సెంటర్‌లో పొద్దున నాలుగున్నర నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, 28 రోజులకు 308 గంటలు. తేడా మనం అనుకున్నంత లేదు. కాని ఆ గంటలు రోజును రెండు ముక్కలు చేస్తాయి, అందరూ పండగ చేసుకునే రోజునే గిరాకీ ఎక్కువ. దీనికి రూపాయల్లో ధర కట్టడం కష్టం కాబట్టి నేను కట్టలేదు. అది లేదని మాత్రం అనుకోకూడదు.

"గది మనదే కదా" అన్నచోట దాగిన బాడుగ

ఆ కింది గదిలో ఇంతకుముందు ఒక జిరాక్స్ అంగడి ఉండేది, నెలకు 9,000 బాడుగ ఇచ్చేది. దాన్ని ఖాళీ చేయించి టిఫిన్ సెంటర్ పెట్టిన రోజు నుంచి ఆ బాడుగ ఆగిపోయింది. కొడుకు తండ్రికి రూపాయి కట్టనవసరం లేదు గనుక పుస్తకంలో ఎక్కదు. కాని ఆ ఇంటి ఆదాయంలో 9,000 తగ్గిందన్నది తండ్రికి తెలుసు. మన ఊళ్లలో చిన్న వ్యాపారాల లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సొంత గదిలో నడిచే అంగడి లాభంగా కనిపిస్తుంది. అదే అంగడిని పక్క వీధిలో బాడుగకు తీసుకుని నడిపితే నష్టంలో ఉంటుంది. అలాంటప్పుడు లాభం తెచ్చిపెడుతున్నది వ్యాపారం కాదు, ఇల్లు. ఒకవేళ ఆ గదికి రెండేళ్లుగా బాడుగకు ఎవరూ రాక తాళం వేసి ఉంటే, అవకాశ వ్యయం దాదాపు సున్నా అవుతుంది. గది అదే అయినా ఖర్చు మారిపోతుంది.

పనిముట్లు అరిగిపోవడం మరొకటి. 5 లక్షల సామాగ్రిని, చేయించిన మార్పులను ఐదేళ్ల తర్వాత అమ్మితే 80,000 వస్తుందనుకుంటే, 4,20,000 కరిగిపోతుంది. దాన్ని 60 నెలలకు పంచితే నెలకు 7,000. ఇది నిజానికి మామూలు వ్యాపార ఖర్చే, ఆడిటరు దగ్గరకు వెళితే తరుగుదల కింద రాస్తాడు. రోజువారీ పుస్తకంలో మాత్రం ఉండదు కాబట్టి ఇక్కడ కలపాలి. అప్పు అసలును నెలనెలా తీర్చే మొత్తాన్ని మాత్రం దీనికి అదనంగా ఖర్చు కింద వేయకూడదు. అసలు తీర్చడమంటే ఆ పెనానికీ గ్రైండరుకూ డబ్బు కట్టడమే. తరుగుదల రూపంలో వాటి ఖరీదు ముందే లెక్కలోకి వచ్చింది. రెండూ వేస్తే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టవుతుంది.

ఇక అమ్మ. పొద్దున నాలుగు గంటలు ఆమె చట్నీలు నూరుతుంది, పిండి చూసుకుంటుంది. ఆమె పనికి విలువ కట్టడంలో రెండు పద్ధతులున్నాయి. ఆమె స్థానంలో ఒక మనిషిని పెట్టుకుంటే ఎంతివ్వాలన్నది ఒకటి. అది 8,000 అనుకుందాం. ఆ నాలుగు గంటల్లో ఆమె మరేం చేసి ఉండేదన్నది రెండోది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతూ నెలకు సంపాదించే దాంట్లో 4,000 తగ్గిందనుకుంటే, కచ్చితంగా అవకాశ వ్యయమంటే ఆ 4,000. ఈ వ్యాసంలో నేను రెండోదాన్నే తీసుకుంటున్నాను. కాని ఆమె కుట్టుపని చేయని మనిషైతే, ఆ గంటల్లో నిద్రపోయేదో, ఓపిగ్గా కాఫీ తాగేదో అయితే, ఆమె శ్రమ విలువ సున్నా అని రాసే హక్కు ఎవరికీ లేదు. విశ్రాంతి కూడా ఆమె వదులుకున్నదే. దాని ధర ఎంతో ఆమెనే అడగాలి.

డబ్బుకు ఏ వడ్డీ కట్టాలి: బ్యాంకుదా, ఊళ్లోదా?

అతని సొంత 4 లక్షలు బ్యాంకులో 7 శాతానికి ఉండి ఉంటే ఏడాదికి 28,000, నెలకు సుమారు 2,333 వచ్చేది. ఇంతవరకు వివాదం లేదు. కాని మన ప్రాంతంలో వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: "ఆ డబ్బు రెండు రూపాయల వడ్డీకి తిప్పి ఉంటే?" నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, 4 లక్షల మీద నెలకు 8,000. ఈ అంకె వేస్తే అంగడి మరింత నష్టంలో కనిపిస్తుంది.

ఆర్థికవేత్తల్లో కూడా దీనిపై రెండు ఆలోచనలున్నాయి. ఏ ప్రమాదమూ లేని రాబడినే కొలబద్దగా పెట్టుకోవాలని కొందరంటారు. వ్యాపారంలో డబ్బు పోయే ప్రమాదం ఉంది గనుక, అంతే ప్రమాదమున్న మరో పెట్టుబడి ఇచ్చే రాబడితో పోల్చాలని మరికొందరంటారు. రెండోది తర్కానికి దగ్గరగా ఉంటుంది, కాని అంకె దొరకడం కష్టం. ఏదేమైనా 24 శాతాన్ని అలాగే వేయడం సరి కాదు. పదిమందికి తలా లక్ష ఇచ్చి, తొమ్మిదిమంది సక్రమంగా వడ్డీ ఇచ్చి అసలు తీర్చి, ఒకరు పూర్తిగా ఎగవేశారనుకుందాం. తొమ్మిది మంది వడ్డీ 2,16,000. పోయిన అసలు లక్ష. మిగిలేది 1,16,000, అంటే 10 లక్షల మీద 11.6 శాతం. ఒక్క మనిషి ఎగవేతతో రెండు రూపాయల వడ్డీ, రూపాయి వడ్డీ కన్నా కిందికి దిగింది. నోటుకూ వసూలుకూ తిరిగే శ్రమను ఇంకా తీయలేదు.

బంగారం విషయంలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. పెట్టుబడి కోసం ఇంట్లోని బంగారాన్ని పొద్దుటూరు తీసుకెళ్లి అమ్మినవారు, 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటినప్పుడు, తమ అంగడికి అయిన అసలు ఖర్చు అదేనని అనుకుని ఉంటారు. ఆ బాధ నిజం. కాని నిర్ణయం తీసుకున్న రోజున ఎవరికీ తెలియని ధరను ఆ రోజు లెక్కలోకి తేలేం. అవకాశ వ్యయాన్ని ఆ రోజు తెలిసినదానితో, ఆ రోజు న్యాయంగా ఊహించగలిగినదానితో కట్టాలి. తర్వాత జరిగినదానితో కట్టేది పశ్చాత్తాపం.

ఇప్పుడు మొత్తం కూడితే

మనిషి కాలానికి 28,000, గదికి 9,000, సొంత డబ్బుకు 2,333, అమ్మ పనికి 4,000, సామాగ్రి అరుగుదలకు 7,000. మొత్తం 50,333. పుస్తకం చూపించిన మిగులు 39,000. అంటే ఈ కుటుంబం అంగడి పెట్టకపోతే ఉండే స్థితి కన్నా నెలకు 11,333 వెనకబడి ఉంది. పుస్తకంలోని 39,000 అబద్ధం కాదు. అది గణక లాభం. దానిలోంచి పుస్తకానికెక్కని ఖర్చులు కూడా తీసేస్తే తేలేది ఆర్థిక లాభం, ఇక్కడైతే ఆర్థిక నష్టం. ఆర్థిక లాభం సున్నా అయినా వ్యాపారం బాగా నడుస్తున్నట్టే లెక్క, ఎందుకంటే ప్రతి వనరుకూ బయట దొరికేంత ప్రతిఫలం అందినట్టే.

ఈ నష్టాన్ని అమ్మకం భాషలోకి మార్చితే మరింత ఉపయోగం. సరుకులు, గ్యాసు, పార్సిల్ ఖర్చులు అమ్మకంతో పాటు పెరుగుతాయి. అవి కలిపి 92,500, అంటే అమ్మకంలో సుమారు 55 శాతం. మిగతావి పెద్దగా మారవు. కాబట్టి అదనంగా అమ్మే ప్రతి రూపాయిలో 45 పైసలు మిగులుతాయి. 11,333 పూడ్చాలంటే నెలకు దాదాపు 25,200, అంటే రోజుకు 900 రూపాయల అమ్మకం పెరగాలి. ప్రశ్న ఇప్పుడు స్పష్టమైంది: ఆ వీధిలో, ఆ గదిలో, రోజుకు 6,000 కాక 6,900 అమ్మగలమా? ఒక వారం పాటు పక్క వీధి టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ప్లేట్లు లెక్కపెట్టినవాడికి దీనికి కొంత జవాబు దొరుకుతుంది.

మొదటి నెలల సంగతి మరవకూడదు. మొదటి ఆరు నెలలు 39,000 బదులు సగటున 15,000 మిగిలితే, ఆ తక్కువైన 1,44,000 కూడా పెట్టుబడే. 6 లక్షల పెట్టుబడి అనుకుని దిగినవారు నిజానికి ఏడున్నర లక్షల దగ్గర ఉంటారు.

ఇదే లెక్క వేరొకరి చేతిలో

ఇంతవరకు చదివినవారికి ఊళ్లో వ్యాపారం పెట్టడమే నష్టమనిపించవచ్చు. అందుకే రెండో ఉదాహరణ. అనంతపురానికి దగ్గరి పల్లెలో ఒక మహిళ వేరుశనగ పొలాల్లో ఏడాదికి 150 రోజులు కూలికి వెళుతుంది. రోజుకు 400 చొప్పున 60,000, అంటే నెలకు 5,000. ఆమె ఇంట్లోనే ఓళిగలు (బొబ్బట్లు) చేసి పట్నంలోని అంగళ్లకు వేయాలనుకుంది. రోజుకు 120 ఓళిగలు, ఒక్కోటి 15 రూపాయలు, నెలకు 25 రోజులకు 45,000. శనగపప్పు, బెల్లం, మైదా, నూనె, గ్యాసు, ప్యాకింగు 33,000, ఆటోకు 2,000. మిగిలేది 10,000. అందులోంచి కూలి 5,000, పెనమూ పొయ్యీ అరుగుదల 500 తీసేస్తే, ఆమె పాత స్థితి కన్నా నెలకు 4,500 ముందుంది.

10,000 మిగిల్చే ఓళిగల పని లాభంలో ఉంది, 39,000 మిగిల్చే టిఫిన్ సెంటర్ నష్టంలో ఉంది. ఈ వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన సంగతి ఇదే: అవకాశ వ్యయం వ్యాపారానికి అంటిపెట్టుకుని ఉండదు, పెట్టే మనిషికి అంటిపెట్టుకుని ఉంటుంది. పక్కింటివారికి కలిసొచ్చింది కాబట్టి మనకూ కలిసొస్తుందన్న మాట అంత తేలిగ్గా చెల్లదు. పక్కింటివారు వదులుకున్నది వేరు, మనం వదులుకునేది వేరు. వానలు నమ్మలేని, ఉద్యోగాలు తక్కువున్న నేలలో ఇన్ని చిన్న అంగళ్లు నిలబడగలగడానికి ఒక కారణం కూడా ఇదే. వాటిని నడిపేవారికి బయట దొరికేది తక్కువ.

అదే మహిళకు గార్మెంట్ ఫ్యాక్టరీలో 12,000 జీతం దొరికే అవకాశం ఉంటే? ఆటో ఖర్చు 2,000 పోను 10,000. అప్పుడు ఓళిగల పని నెలకు 500 వెనకబడుతుంది. కాని చిన్నపిల్లలను వదిలి రోజంతా వెళ్లలేని పరిస్థితిలో ఆమె ఉంటే, ఆ ఉద్యోగం కాగితం మీద ప్రత్యామ్నాయమే తప్ప ఆమెకు నిజంగా అందుబాటులో లేదు. చేయగలిగిన పనులనే పోలికలోకి తేవాలి.

ప్రభుత్వ రాయితీ విషయం క్లుప్తంగా చెప్పుకోవాలి. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం నిబంధనల ప్రకారం సాధారణ వర్గానికి పట్టణంలో ప్రాజెక్టు ఖర్చులో 15 శాతం, గ్రామంలో 25 శాతం రాయితీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వంటి ప్రత్యేక వర్గాలకు అది 25, 35 శాతం. సొంత వాటా 10 శాతం, ప్రత్యేక వర్గాలకు 5 శాతం. ఆ రాయితీ డబ్బును వేరే చోట పెట్టుకునే వీలు లేదు. వ్యాపారం పెట్టకపోతే అది రానే రాదు. కాబట్టి పొందేవారికి దాని అవకాశ వ్యయం సున్నా. కాని ఆ డబ్బు మూడేళ్లపాటు బ్యాంకులోనే నిలిచి, ఆ తర్వాతే అప్పుకు జమవుతుంది. ఆ మూడేళ్లూ వ్యాపారాన్ని మూయకుండా నడపాల్సి రావడం, మధ్యలో మంచి అవకాశం వస్తే వదులుకోవాల్సి రావడం ఆ రాయితీకి మనం కట్టే వెల.

లెక్కను ఒప్పుకోనివారి వాదన

ఈ పద్ధతి మీద గట్టి అభ్యంతరాలున్నాయి, వాటిని తీసిపారేయకూడదు. మొదటిది, ఇది ఊహల మీద కట్టిన లెక్క అన్నది. ఉద్యోగం వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియనప్పుడు 28,000 అని ఎలా రాస్తారు? నిజమే. కాని అంగడి అమ్మకం 6,000 అన్నది కూడా ఊహే. ఒకవైపు ఊహను నమ్మి మరోవైపు ఊహను కొట్టేయడం కుదరదు; రెండిటికీ ఒక తక్కువ అంకె, ఒక ఎక్కువ అంకె వేసి చూడడం న్యాయం.

రెండోది ఇంకా బలమైనది. మొదటి ఏడాది చిత్రంతో జీవితాన్ని నిర్ణయించకూడదని, వ్యాపారం పెరుగుతుందని, చేస్తేనే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయని వారంటారు. అది ఒప్పుకుంటూనే, జీతం కూడా ఆగి ఉండదని గుర్తు చేయాలి: ఏడాదికి 6 శాతం పెరిగితే 32,000 మూడేళ్లలో 38,000 దాటుతుంది. పోలికను మూడు నాలుగేళ్లకు సాగదీయాలి, కాని రెండు వైపులా.

మూడో వాదన డబ్బు గురించి కాదు. వయసు మీదపడుతున్న తల్లిదండ్రుల దగ్గర ఉండడం, ఒకరి కింద పనిచేయకపోవడం, పిల్లలు మన ఊళ్లో పెరగడం వీటిని ఎక్కడ రాస్తారని అడుగుతారు. వీటిని రూపాయల్లోకి మార్చమని లెక్క అడగదు. ఎంత వదులుకుంటున్నామో మాత్రం చెబుతుంది. మన యువకుడి విషయంలో ఆ అంకె నెలకు 11,333. తండ్రిని ఆసుపత్రికి తానే తీసుకెళ్లగలగడం తనకు అంతకన్నా విలువైనదని అతను అనుకుంటే, అంగడి పెట్టడంలో తెలివితక్కువ ఏమీ లేదు. ఆ అంకె తెలియకుండా పెట్టడానికీ, తెలిసి పెట్టడానికీ మధ్య తేడా చాలా ఉంది. అతని భార్యకూ తండ్రికీ కూడా ఆ అంకె తెలియాలి, ఎందుకంటే వదులుకుంటున్నది అతను ఒక్కడే కాదు.

ఏడాది గడిచాక లెక్క మారుతుంది

అంగడి తెరిచి ఏడాదైంది, అమ్మకం 6,000 దగ్గరే ఉంది. మూసేయాలా? చాలామంది "6 లక్షలు పెట్టాం, ఇప్పుడెలా మూస్తాం" అంటారు. ఆ 6 లక్షల్లో తిరిగి రానిది ఎలాగూ రాదు. దాన్ని మునిగిన వ్యయం అంటారు, ఇవాళ్టి నిర్ణయంలో దానికి చోటు లేదు. అయితే ఇదే సూత్రాన్ని రెండో వైపు నుంచి చూసేవారు తక్కువ. మునిగిన వ్యయానికి చోటు లేకపోవడం మూసివేతకే కాదు, కొనసాగింపుకూ అనుకూలంగా పనిచేయగలదు.

చూద్దాం. 5 లక్షల సామాగ్రిని ఇవాళ అమ్మితే 2 లక్షలు వస్తాయి; నాలుగేళ్ల తర్వాత 80,000. కాబట్టి ఇకపై అరుగుదల 48 నెలలకు 1,20,000, నెలకు 2,500 మాత్రమే. అంగడి మూస్తే సామాగ్రి మీద 2 లక్షలు, చేతిలో తిరిగే లక్ష, మొత్తం 3 లక్షలు వస్తాయి. లెక్క సులువు కోసం అసలు ఇంకా తీర్చలేదనుకుంటే, 2 లక్షల అప్పు పోను సొంతానికి మిగిలేది లక్ష, దాని మీద నెలకు 583 వడ్డీ. ఏడాది విరామం వల్ల పాత ఉద్యోగం అదే జీతానికి దొరకక, కాలం విలువ 28,000 నుంచి 24,000కు తగ్గిందనుకుందాం. గది బాడుగ 9,000, అమ్మ పని 4,000 మారలేదు. మొత్తం 40,083. మిగులు 39,000.

పెట్టకముందు 11,333 వెనకబడి ఉన్న అంగడి, పెట్టిన ఏడాదికి 1,083 మాత్రమే వెనకబడి ఉంది. అమ్మకం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు. వెనక్కి వెళ్లే దారే ఇరుకైంది. పెట్టకూడని అంగడే అయినా, పెట్టాక మూయకూడనిది కావచ్చు. సంవత్సరాల తరబడి అంతంతమాత్రంగా నడుస్తూ మూతపడని అంగళ్లను చూసి వాళ్లకు లెక్క రాదనుకోవడం అందుకే సరికాదు. నోటితో చెప్పకపోయినా, చాలామంది ఈ రెండో లెక్కే వేసుకుంటున్నారు. మన యువకుడికి ఇప్పుడు కావలసింది రోజుకు 86 రూపాయల అదనపు అమ్మకం. ప్లేటు 45 అయితే, అది రోజుకు రెండు ఉగ్గాని ప్లేట్లు.